గుడ్డ, గవ్వ, మనిషి – అట్లాంటిక్ బానిస వాణిజ్యం చెప్పే పాఠం

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు, పాఠశాల గత చరిత్రను గురించి నాకంటె సాధికారంగా వ్రాయగల పెద్దలు ఉన్నారు కనుక, నేను చిరకాలం బోధించిన సాంఘికశాస్త్రం నుండి ఒక పాఠాన్ని ఎంచుకున్నాను. నిజం చెప్పాలంటే అది నేను సరిగా బోధించలేకపోయిన పాఠం. ఈ పండుగ సందర్భంలో ఆ పాత బాకీని తీర్చుకొనే ప్రయత్నమే ఈ వ్యాసం.

ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించిన తొలి సంవత్సరాలలో నేను ఈ పాఠాన్ని ఎంతో శ్రద్ధగా చెప్పేదాన్ని. నల్లబల్ల మీద అట్లాంటిక్ మహాసముద్రం పటం గీసి, మూడు బాణపు గుర్తులు వేసేదాన్ని. ఐరోపా నుండి ఆఫ్రికాకు వెళ్ళే మొదటి బాణం మీద ‘గుడ్డలు, తుపాకులు, సారాయి’ అనీ, ఆఫ్రికా నుండి అమెరికా ఖండాలకు వెళ్ళే రెండవ బాణం మీద ‘బానిసలు’ అనీ, అక్కడి నుండి ఐరోపాకు తిరిగివచ్చే మూడవ బాణం మీద ‘చక్కెర, పొగాకు, ప్రత్తి’ అనీ రంగు సుద్దలతో వ్రాసేదాన్ని. దీనికే త్రిభుజాకార వాణిజ్యమని పేరు. పరీక్షలో తప్పక వచ్చే ప్రశ్న. ఒకనాడు చివరి వరుసలోని ఒక బాలిక లేచి నిలబడి, “రెండో బాణం మీదున్నోళ్ళకి పేర్లుండవాండి?” అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. “అవి పాఠంలో లేవు, కూర్చో” అన్నాను. ఆ అమ్మాయి కూర్చుంది. ఆ ప్రశ్న మాత్రం నాలో ఇప్పటికీ నిలబడే ఉంది.

గుడ్డకు రకం పేరు వ్రాశాను, సారాయికి పేరు వ్రాశాను. మనుషులను మాత్రం ఒక్క మాటతో సరిపెట్టాను. నాలుగు శతాబ్దాల పాటు ఆ వ్యాపారం చేసినవారు తమ ఖాతా పుస్తకాలలో చేసినది కూడా సరిగ్గా ఇదే. తెలియకనే నేను వారి పద్దునే నల్లబల్ల మీదికి ఎక్కించానన్న మాట.

బంగారం మీద మోజు – వాణిజ్యవాదం

ఈ వ్యాపారం వెనుక ఒక ఆర్థిక సిద్ధాంతం ఉంది. 16, 17, 18 శతాబ్దాలలో ఐరోపా రాజ్యాలను నడిపిన ఆ ఆలోచనకు వాణిజ్యవాదమని పేరు. దేశ సంపద అంటే ఖజానాలోని వెండి బంగారాలే. ఇతరులకు ఎక్కువ అమ్మి, ఇతరుల నుండి తక్కువ కొనే దేశమే బలపడుతుంది. ప్రపంచంలోని సంపద పరిమితం కనుక ఒకరికి లాభమంటే మరొకరికి నష్టమే – ఇదీ దాని సారం. ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లలో ఒకడైన థామస్ మన్ ఈ భావాలను గ్రంథస్థం చేశాడు. అతని మరణానంతరం 1664లో అది అచ్చయింది. ఫ్రాన్సులో పదునాలుగవ లూయీ మంత్రి కోల్బేరు ఇదే విధానాన్ని రాజ్యనీతిగా మలిచాడు.

ఈ నీతిలో వలసకు ఒకటే ధర్మం: మాతృదేశానికి ముడిసరుకు పంపాలి, మాతృదేశపు సరుకులే కొనాలి, మాతృదేశపు ఓడలలోనే రవాణా చేయాలి. ఇంగ్లండు 1651లోనూ, 1660లోనూ చేసిన నౌకాయాన చట్టాల ఉద్దేశం ఇదే. చక్కెర, పొగాకు, ప్రత్తి, నీలిమందు వంటి సరుకులను ఆంగ్ల వలసలు ఇంగ్లండుకు, ఇతర ఆంగ్ల వలసలకు తప్ప వేరెవరికీ అమ్మరాదని 1660 నాటి చట్టం శాసించింది. ఫ్రెంచివారు తమ వలసలపై విధించిన ఇటువంటి గుత్తనే ‘ఎక్స్‌క్లూసిఫ్’ అన్నారు.

వలసలు ముడిసరుకు పంపాలంటే పొలాలలో పనిచేసే చేతులు కావాలి. అమెరికా ఖండాల ఆదిమవాసులు యుద్ధాల వల్ల, వెట్టిచాకిరి వల్ల, ఐరోపావారితో వచ్చిన మశూచి వంటి వ్యాధుల వల్ల లక్షల సంఖ్యలో నశించారు. చెరకు సాగు కనికరం లేని సాగు. నరికిన చెరకును వెంటనే గానుగాడాలి; రసాన్ని వెంటనే కాయాలి; కోతల కాలంలో గానుగ రాత్రింబవళ్ళు ఆగదు. 1640 ప్రాంతంలో బార్బడోస్ ద్వీపంలో మొదలైన ఆంగ్లేయుల చెరకు తోటలకైనా, వాటికి ముందే బ్రెజిల్‌లో వేళ్ళూనుకున్న పోర్చుగీసు తోటలకైనా కూలి ఇవ్వనక్కరలేని, పారిపోవడానికి వీలులేని శ్రామికులు కావలసివచ్చారు. ఆ శ్రామికులను ఆఫ్రికా తీరంలో కొన్నారు.

పోర్చుగీసులు 1444లోనే 235 మంది ఆఫ్రికన్లను తమ దేశంలోని లాగోస్ రేవులో దింపి పంచుకున్నారు. 1482లో నేటి ఘనా తీరంలో ఎల్మీనా కోటను కట్టారు. మొదట బంగారం కొరకు కట్టిన ఆ కోట తరువాతి కాలంలో మనుషులను బంధించే గిడ్డంగి అయింది. ఇంగ్లండులో 1672లో రాయల్ ఆఫ్రికన్ కంపెనీ ఏర్పడి, 1698 వరకు ఆ దేశపు ఆఫ్రికా వ్యాపారాన్ని గుత్తకు అనుభవించింది. 1713లో యూట్రెక్ట్ సంధి సందర్భంగా స్పెయిను వలసలకు ఏటా 4,800 మంది చొప్పున 30 ఏళ్ళ పాటు బానిసలను సరఫరా చేసే హక్కును బ్రిటన్ సంపాదించింది. రెండు గొప్ప రాజ్యాలు యుద్ధం ముగించి శాంతి కుదుర్చుకొన్న వేళ పంచుకున్న లాభాలలో ఇదొకటి. ఆ లెక్కలో కూడా యూనిట్ మనిషి కాదు. ఆరోగ్యవంతుడైన వయోజనుడు ఒక ‘ఇండీస్ ముక్క’. పిల్లలు, వృద్ధులు అందులో భిన్నాలు.

ఒకే కంపెనీ, ఒకే చిట్టా

ఇంతవరకు చెప్పినది మనకు దూరదేశాల కథగా కనిపిస్తుంది. కాని యానాం వంటి ఊరిలో కూర్చొని చదివే విద్యార్థికి ఇక్కడ ఒక విషయం చెప్పక తప్పదు. 1719లో ఫ్రాన్సు తన తూర్పు ఇండియా వ్యాపారాన్ని, సెనెగల్ వ్యాపారాన్ని, అమెరికాలోని లూసియానా వ్యాపారాన్ని కలిపి ఒకే కంపెనీ చేతిలో పెట్టింది. పాండిచ్చేరి ఆ కంపెనీదే. 1723లో మన యానాంలో వర్తక స్థావరం తెరచి, కొంతకాలం మూసివేసి, 1731లో తిరిగి తెరచినదీ ఆ కంపెనీయే. అదే కంపెనీ ఓడలు ఆ సంవత్సరాలలోనే సెనెగల్ తీరం నుండి వేలాదిమంది ఆఫ్రికన్లను లూసియానాకు చేరవేశాయి. ఫ్రాన్సులోని లోరియాఁ రేవులో ఉన్న దాని గిడ్డంగులకు కోరమండల్ తీరపు గుడ్డ ఒక దారిన, ఆఫ్రికా లెక్కలు మరొక దారిన చేరేవి.

ఆ గుడ్డతో వారికేమి పని? ఇక్కడే వాణిజ్యవాదపు అసలు నైపుణ్యం కనిపిస్తుంది. మన అద్దకపు గుడ్డలను ఐరోపా ప్రజలు ఎగబడి కొన్నారు. అందుకు బదులుగా వెండి తూర్పుకు తరలిపోతున్నదనీ, తమ నేతగాండ్ల పొట్ట కొడుతున్నదనీ అక్కడ గగ్గోలు పుట్టింది. ఫ్రాన్సు 1686లో అద్దకపు నూలుగుడ్డల దిగుమతిని నిషేధించింది. ఆ నిషేధం 1759 వరకు నడిచింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో మరింత కఠినమైన చట్టం చేసింది. అయితే ఆ చట్టాలలో ఒక కిటికీ తెరచి ఉంచారు: స్వదేశంలో కట్టరాని గుడ్డను విదేశాలకు తిరిగి ఎగుమతి చేయవచ్చు. ఆ కిటికీలోంచి కోరమండల్, బెంగాల్, గుజరాత్ గుడ్డలు ఆఫ్రికా తీరానికి ప్రవహించాయి. లండన్ వీధిలో కట్టుకుంటే నేరమైన చీటీగుడ్డతో గినీ తీరంలో మనిషిని కొనడం నేరం కాలేదు.

ఆఫ్రికా తీరపు కొనుగోళ్ళలో తుపాకులు, సారాయి మాత్రమే ప్రధానమని సామాన్యంగా అనుకుంటారు. నేను కూడా అలాగే చెప్పేదాన్ని. నిజానికి ఆ సరుకులలో అగ్రస్థానం గుడ్డలదే. వాటిలో భారతదేశపు నూలుగుడ్డలకు విశేషమైన గిరాకీ ఉండేది. కోరమండల్ తీరంలో నేసిన ఒక రకం గుడ్డకు ‘గినీ గుడ్డ’ అనే పేరే స్థిరపడింది. నేసినది ఇక్కడ, పేరు మాత్రం అది వెళ్ళి చేరే ఆఫ్రికా తీరానిది. పాండిచ్చేరి నుండి వెళ్ళిన నీలి గినీ గుడ్డ సెనెగల్ నదీతీరంలో సరుకుగానే గాక నాణెంగా కూడా చెలామణి అయింది. ఆ గుడ్డ ఇచ్చి అక్కడి తుమ్మజాతి చెట్ల బంకను కొనేవారు. ఆ బంక ఐరోపాకు వెళ్ళి, అక్కడి కార్ఖానాలలో గుడ్డల మీద అద్దకపు రంగులను చిక్కబరచడానికి ఉపయోగపడేది. మన అద్దకాన్ని అనుకరించి, చివరకు మన అద్దకపువారిని దెబ్బతీసిన పరిశ్రమకు మన గుడ్డతో కొన్న బంకే సాయపడింది. చరిత్రలోని ముడులు ఇంత చిక్కగా ఉంటాయి.

గుడ్డ వంటిదే గవ్వ కథ కూడా. మన భాషలో ‘చిల్లిగవ్వ’ అంటే ఏ విలువా లేనిదని అర్థం. మాల్దీవుల సముద్రంలో ఏరిన గవ్వలు బెంగాల్, సింహళం మీదుగా, ఓడ అడుగున బరువు నిలపడానికి వేసే సరుకుగా ఐరోపా చేరేవి. అక్కడ వేలం వేసి, పీపాలలో నింపి పశ్చిమ ఆఫ్రికాకు పంపేవారు. అక్కడి అనేక రాజ్యాలలో గవ్వలే ద్రవ్యం. మనం ఏ విలువా లేనిదానికి ఉపమానంగా చెప్పుకొనే గవ్వలను లెక్కపెట్టి, తల్లి ఒడిలోని బిడ్డకు ధర కట్టారు.

కోరమండల్ నేతగాడికి ఇదంతా తెలుసునా? తెలిసే అవకాశం లేదు. అతనికి తెలిసినది దళారి ఇచ్చిన బయానా, గడువు, గుడ్డ పొడవు, పోగుల లెక్క. నూలు ధర పెరిగినా, కరవు వచ్చినా బయానా తీర్చవలసినదే. కనుక అతనిని దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ఈ వ్యాపారంలో ఎవరిని అడిగినా తన ముక్క మాత్రమే తనకు తెలుసునంటాడు. నేతగాడికి గుడ్డ తెలుసు, ఓడ కళాసీకి తెరచాప తెలుసు, గుమాస్తాకు పద్దు తెలుసు, పారిస్ గృహిణికి కాఫీలో వేసుకొనే చక్కెర తెలుసు. మొత్తం తెలిసినవారు కొద్దిమందే. వారే లాభం పొందినవారు.

లెక్కలు – లెక్కకు అందనివి

పరిశోధకులు 36,000కు పైగా ఓడ ప్రయాణాల వివరాలను సేకరించి వేసిన అంచనా ప్రకారం, 16వ శతాబ్దారంభం నుండి 1866 వరకు ఆఫ్రికా తీరంలో ఓడలెక్కింపబడిన వారు సుమారు కోటీ 25 లక్షలమంది. ఆవలి తీరంలో సజీవంగా దిగినవారు సుమారు కోటీ 7 లక్షలు. మిగిలిన 18 లక్షలమంది సముద్రంలో కలిసిపోయారు. గ్రామాల మీద దాడులలోను, తీరానికి నడిపించే దారిలోను, కోటలలో ఎదురుచూపులలోను మరణించినవారు ఈ లెక్కలో లేరు.

ఓడలో వారి స్థితి ఎటువంటిదో లోకానికి చూపినది ఒక చిత్రపటం. లివర్‌పూల్‌కు చెందిన ‘బ్రూక్స్’ అనే ఓడ అడుగుభాగంలో మనుషులను పక్కపక్కన పడుకోబెట్టిన తీరును బానిస వ్యాపార వ్యతిరేకులు 1788లో అచ్చువేసి పంచారు. ఆ ఏడాది వచ్చిన చట్టం ప్రకారం ఆ ఓడ 454 మందిని ఎక్కించుకోవచ్చు. అంతకుముందు అది ఒక ప్రయాణంలో 609 మందిని మోసింది. చట్టం అనుమతించినంత మందిని చిత్రంలో గీస్తేనే ఒకరి భుజం మరొకరికి ఆనుకొని, అడుగు పెట్టేందుకు చోటు లేదు.

దానికంటె భయంకరమైనది ‘జాంగ్’ అనే ఓడ వృత్తాంతం. 1781లో జమైకాకు వెళ్తున్న ఆ ఓడ దారి తప్పింది. త్రాగునీరు చాలదనే నెపంతో ఓడ నడిపినవారు 130 మందికి పైగా బానిసలను ప్రాణాలతో సముద్రంలోకి త్రోసివేశారు. రోగంతో మరణిస్తే బీమా రాదు. ఓడ రక్షణ కొరకు ‘సరుకు’ను పారవేస్తే వస్తుంది. తలకు 30 పౌండ్ల చొప్పున ఓడ యజమానులు బీమాదారుల మీద దావా వేశారు. తొలి విచారణలో జూరీ యజమానుల పక్షానే తీర్పు చెప్పింది. 1783లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ సమక్షంలో వాదనలు విన్న పై న్యాయస్థానం పునర్విచారణకు ఆదేశించింది. కాని న్యాయస్థానంలో నడిచినదంతా బీమా తగాదాయే. హత్యానేరం మీద ఎవ్వరూ బోనెక్కలేదు.

జాంగ్ ఖాతా పుస్తకంలో ఒక్క కూడిక తప్పు లేకపోవచ్చు. లెక్కల మాస్టారు దానికి నూటికి నూరు మార్కులు వేయవచ్చు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా పిల్లలకు మనం నేర్పే లెక్కకు ప్రక్కన ఇంకేదో నేర్పాలని నాకు గట్టిగా తోస్తుంది.

చట్టం చేసిన వస్తువు

మనిషిని వస్తువుగా మార్చడానికి బలమొక్కటే చాలదు. చట్టం కూడా కావాలి. 1685లో పదునాలుగవ లూయీ పేర వెలువడిన ‘నల్లవారి స్మృతి’, అనగా కోడ్ న్వార్, ఆ పని చేసింది. దాని 44వ అధికరణం బానిసలను చరాస్తులుగా ప్రకటించింది. కుర్చీ, బల్ల, పాత్రల వలె వారసులు వారిని పంచుకోవచ్చు. 38వ అధికరణం ప్రకారం నెలరోజులు పారిపోయి పట్టుబడిన బానిసకు చెవులు కోసి భుజం మీద రాజముద్ర వేయాలి, రెండవసారి పారిపోతే కాలి నరం కోయాలి, మూడవసారి మరణదండన. ఆ ముద్ర కలువను పోలిన పుష్పం, ఫ్రెంచి రాజవంశపు గౌరవ చిహ్నం.

ఈ దురాగతంలో ఆఫ్రికా పాలకులకు, వర్తకులకు భాగం లేదా అని విద్యార్థులు అడుగుతుంటారు. అడగవలసినదే. ఐరోపావారు సామాన్యంగా తీరంలోనే నిలిచారు. లోపలి ప్రాంతాల నుండి బందీలను తెచ్చి అమ్మినవారు అక్కడివారే. దాహోమీ వంటి రాజ్యాలు ఈ వ్యాపారం మీద బలిశాయి. తుపాకులు కావాలంటే బందీలు కావాలి, బందీలు కావాలంటే యుద్ధాలు కావాలి. ఈ చక్రంలో పడని రాజ్యం పొరుగువానికి బలి అయ్యేది. అలాగని ఎదురుచెప్పినవారు లేకపోలేదు. కాంగో రాజు మొదటి అఫోన్సో స్వయంగా క్రైస్తవమతం స్వీకరించి పోర్చుగల్‌తో మైత్రి నెరపినవాడు. అతడే 1526లో పోర్చుగల్ రాజుకు లేఖ వ్రాస్తూ, వర్తకులు తన ప్రజలను, చివరకు కులీనుల బిడ్డలను, తన బంధువులను కూడా ఎత్తుకుపోతున్నారని మొరపెట్టుకున్నాడు. దేశం నిర్మానుష్యమౌతున్నదని వాపోయాడు. ఆ మొర సముద్రం దాటింది గాని, వ్యాపారాన్ని ఆపలేకపోయింది.

మన తీరానికి కూడా ఈ విషయంలో పూర్తిగా చేతులు కడుక్కొనే వీలు లేదు. 17వ శతాబ్దంలో కరవులు వచ్చినప్పుడల్లా డచ్చివారు కోరమండల్ రేవుల నుండి ఆకలిగొన్న ప్రజలను కొని సింహళానికి, బటావియాకు తరలించారు. తరువాత ఫ్రెంచివారి హిందూమహాసముద్ర ద్వీపాలలోని బానిసలలో భారతీయులూ ఉన్నారు. గవర్నరు జనరల్ కారన్‌వాలిస్ 1789లో బానిసల ఎగుమతిని నిషేధిస్తూ ప్రకటన చేయవలసివచ్చిందంటే ఆ వ్యాపారం ఎంతగా సాగిందో ఊహించవచ్చు.

చరాస్తులు తిరగబడిన వేళ

బానిసత్వాన్ని దయగల దొరలు రద్దు చేశారని పాఠ్యపుస్తకాలు చదివినవారికి తోచడం సహజం. మొదటి దెబ్బ బానిసలే కొట్టారు. కరీబియన్ సముద్రంలోని సేన్-దొమాంగ్ ఫ్రాన్సుకు కామధేనువు వంటి వలస. 1789 నాటికి ఐరోపా వాడే చక్కెరలో దాదాపు 40 శాతం, కాఫీలో సగానికి మించి అక్కడినుండే వచ్చేవి. అక్కడి బానిసలు సుమారు 5 లక్షలు. తెల్లవారు 40,000కు మించరు. 1791 ఆగస్టులో ఉత్తర మైదానంలోని చెరకు తోటలు తగులబడ్డాయి. మానవహక్కుల ప్రకటన చేసిన ఫ్రెంచి విప్లవం నల్లవారి విషయంలో తటపటాయిస్తూ ఉండగా, వారు ఆ ప్రకటనను తమకు కూడా వర్తింపజేసుకున్నారు. 1794 ఫిబ్రవరి 4న పారిస్‌లోని విప్లవసభ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1802లో నెపోలియన్ దానిని పునరుద్ధరించి, సైన్యాన్ని పంపాడు. నాయకుడు తూసాఁ లూవెర్తూర్‌ను బంధించి ఫ్రాన్సుకు కొనిపోగా, 1803లో అతడు కొండకోటలోని చలిచెరలో మరణించాడు. అయినా ఉద్యమం ఆగలేదు. 1804 జనవరి 1న హైతీ అనే పేరుతో స్వతంత్ర రాజ్యం వెలసింది.

ఆ స్వాతంత్ర్యానికి కూడా ధర కట్టారు. 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలను పంపి, తోటల యజమానులకు నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు చెల్లిస్తేనే గుర్తిస్తానన్నది. తరువాత దానిని 9 కోట్లకు తగ్గించినా, ఆ పరిహారం కొరకు చేసిన అప్పుల భారం 1947 వరకు హైతీ ప్రజలను వెంటాడింది. స్వేచ్ఛ పొందినవారు, తమను బంధించినవారికి తమ వెలను తామే చెల్లించారు.

బ్రిటన్ 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించి, 1833 చట్టంతో తన వలసలలో చాలావాటిలో బానిసత్వాన్నే రద్దు చేసింది. ఆ సందర్భంగా 2 కోట్ల పౌండ్ల పరిహారం మంజూరైంది. అది బానిసలకు కాదు, యజమానులకు. అందుకై చేసిన అప్పు చివరి భాగం 2015లో గాని తీరలేదు. ఫ్రాన్సు 1848 ఏప్రిల్ 27న శాశ్వతంగా బానిసత్వాన్ని రద్దు చేసింది.

రద్దు తరువాత చెరకు తోటలు ఏమయ్యాయి? వాటికి మళ్ళీ చేతులు కావలసివచ్చాయి. ఈసారి చూపు మన దేశం మీద పడింది. 1834 నవంబరులో ‘అట్లాస్’ అనే ఓడ ఒప్పంద కూలీలను మారిషస్ చేర్చింది. గోదావరి ముఖద్వారంలో, మనకు కూతవేటు దూరంలో ఉన్న కోరంగి రేవు నుండి కూడా తెలుగువారు అక్కడికి వెళ్ళారు. మారిషస్‌లో తెలుగువారిని ‘కొరంగీలు’ అని పిలవడం అందుకే. 1853 నుండి పాండిచ్చేరి, కారైకాల్ రేవుల నుండి ఫ్రెంచి ఓడలు అట్లాంటిక్ దాటి మార్తినీక్, గ్వాదెలూప్ ద్వీపాలకు కూలీలను చేర్చాయి. ఒప్పంద కూలి బానిస కాడు. అతనికి గడువు ఉంది, కూలి ఉంది, చట్టరీత్యా తిరిగివచ్చే హక్కు ఉంది. ఈ తేడాను మరువరాదు. కాని అతడు దిగిన గుడిసె, పట్టిన కత్తి, నరికిన చెరకు నిన్నటి బానిసవే. ఒకనాడు గుడ్డను పంపిన తీరం మరొకనాడు మనుషులను పంపింది.

పేర్లు దొరికాయి

నా పాత విద్యార్థిని అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. ఉన్నాయమ్మా, వారికి పేర్లు ఉన్నాయి. కొన్నవారి పద్దులలో అంకెలే ఉన్నా, పేర్లు పూర్తిగా చెరిగిపోలేదు. నైజీరియా ప్రాంతంలో పుట్టి, బాల్యంలో అపహరింపబడి, తన స్వేచ్ఛను తాను కొనుక్కున్న ఒలౌదా ఎక్వియానో 1789లో తన ఆత్మకథను అచ్చువేయించాడు. జాంగ్ ఓడ ఘోరాన్ని గ్రాన్‌విల్ షార్ప్ అనే ఉద్యమకారుని దృష్టికి తెచ్చినవాడు కూడా అతడే. 1807 తరువాత నౌకాదళం పట్టుకున్న బానిస ఓడల నుండి విడిపించిన వారిని ఫ్రీటౌన్, హవానా వంటి రేవులలోని న్యాయస్థానాలు పేరు, వయస్సు, ఆనవాళ్ళతో నమోదు చేశాయి. ఆ దస్త్రాల నుండి పరిశోధకులు 91,000 మందికి పైగా ఆఫ్రికన్ల పేర్లను వెలికితీశారు. గుమాస్తా చెవికి వినపడినట్లు వ్రాసిన పేర్లే అయినా, వాటిని పైకి చదివించి, ఆ ధ్వనిని బట్టి అవి ఏ భాషవో, ఏ ప్రాంతానివో గుర్తిస్తున్నారు. మారిషస్‌లోని మహాత్మాగాంధీ సంస్థలో మన ఒప్పంద కూలీల నమోదు పుస్తకాలు భద్రంగా ఉన్నాయి. మనుమల మనుమలు వాటిలో తమ తాతల ఊళ్ళను వెదుక్కొంటున్నారు.

2001 మే 21న ఫ్రాన్సు ఒక చట్టం చేసి, 15వ శతాబ్దం నుండి సాగిన బానిస వ్యాపారాన్ని, బానిసత్వాన్ని మానవజాతి పట్ల నేరంగా ప్రకటించింది. అందులో ఆఫ్రికన్లు, అమెరికా ఆదిమవాసులు, మడగాస్కరువారు, వారి సరసన భారతీయులు కూడా పేర్కొనబడ్డారు. హిందూమహాసముద్రం కూడా ఆ చట్టంలో ఉంది. ఒకప్పుడు తన స్మృతిలో మనిషిని చరాస్తి అని వ్రాసిన దేశమే, 316 సంవత్సరాల తరువాత ఆ వ్రాతను నేరమని ఒప్పుకున్నది. ఫ్రాన్సులోని అతిపెద్ద బానిస వ్యాపార రేవు నాంత్ నగరంలో 2012లో నదీతీరాన స్మారకం వెలసింది. దానికి వెళ్ళే దారిలో బయలుదేరిన ఓడల పేర్లను గాజు పలకల మీద వ్రాశారు. ఓడల పేర్లు దొరకడం సులువు. లోపల ఉన్నవారి పేర్లు దొరకడమే కష్టం.

ఇప్పుడు కూడా ఆ పాఠం చెప్పే రోజున నేను నల్లబల్ల మీద పటం గీస్తాను. బాణపు గుర్తులు మాత్రం మూడు కాదు. మాల్దీవుల నుండి ఒకటి, పాండిచ్చేరి నుండి ఒకటి, కోరంగి నుండి ఒకటి – త్రిభుజం అనే మాటలో ఇమడని గీతలు ఇంకా కొన్ని ఉంటాయి. రెండవ బాణం మీద ‘బానిసలు’ అని వ్రాయను. ‘బానిసలుగా చేయబడిన మనుషులు’ అని వ్రాసి, దాని క్రింద కొన్ని పేర్లు వ్రాస్తాను. పిల్లలు వాటిని పలకలేక నవ్వుతారు. నేను వారిచేత మళ్ళీ పలికిస్తాను. రెండు మూడు సార్లు పలికేసరికి నవ్వు ఆగిపోతుంది.

ఈ పాఠశాల డెబ్బై అయిదేళ్ళుగా ప్రతి ఉదయం హాజరుపట్టీ తెరచి పిల్లలను పేరుపేరునా పిలుస్తున్నది. ఏటా చేసే పని కనుక అది సామాన్యమైన విషయంగా మనకు తోచవచ్చు. పేరు పెట్టి పిలవబడని కోటిమంది చరిత్ర చదివిన తరువాత అది సామాన్యమని నాకు తోచడం లేదు. ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. ఏ బిడ్డ అయినా పాఠంలో లేని ప్రశ్న అడిగితే, దయచేసి కూర్చోమనకండి. చివరి వరుసలో నిలబడి నాకు ఈ చరిత్రను నేర్పిన ఆ బాలిక ఈ సంచికను ఎక్కడైనా చదివితే, ఆలస్యంగా ఇచ్చిన ఈ జవాబును స్వీకరించాలని కోరుతున్నాను.